గోదాట్లో టీ పొడి ఎవరేశారు?

ఆషాఢం వచ్చిందని తెలుసుకోవడానికి రాజమండ్రిలో పంచాంగం అక్కర్లేదు. గట్టు మీదికి వెళ్ళి నిలబడితే చాలు. వేసవంతా నిద్దట్లో ఉన్నట్టు తేటగా, నెమ్మదిగా ఉన్న గోదారి, ఎగువన వానలు పడ్డ కొద్దిరోజులకే ఎర్రబడిపోతుంది. "ఎర్రనీరొచ్చిందండీ" అని పుష్కరాల రేవులో ఒకరికొకరు చెప్పుకుంటారు. నిన్న చూసినవాళ్ళు కూడా ఇవాళ మళ్ళీ వచ్చి చూస్తారు. పులస ధర గురించి, ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం గురించి ఒకే గొంతుతో మాట్లాడుకుంటారు.

పన్నెండేళ్ళ కిందట అలాంటి ఒక సాయంత్రం మా అమ్మాయిని తీసుకుని గట్టు మీదికి వెళ్ళాను. దానికప్పుడు అయిదేళ్ళు. రెయిలింగు పట్టుకుని చాలాసేపు నీళ్ళకేసి చూసింది. తర్వాత నా చొక్కా లాగి, "నాన్నా, గోదాట్లో టీ పొడి ఎవరేశారు?" అంది.

పగలబడి నవ్వాను. ఇంటికెళ్ళి వాళ్ళమ్మకి చెప్పాను, ఆవిడా నవ్వింది. హైదరాబాదులో ఉన్న మా చెల్లెలికి ఫోన్ చేసి చెప్పాను. పిల్లల పుస్తకాలకి బొమ్మలు వెయ్యడం నా పని. అలాంటి మాట ఒక్కటి దొరకడం కోసం నెలల తరబడి తెల్లకాగితం ముందు కూర్చున్న రోజులున్నాయి. ఆ రాత్రే బొమ్మ మొదలెట్టాను. గోదారమ్మ ఒక పెద్ద బామ్మ. పాపికొండల్ని పొయ్యిరాళ్ళు చేసుకుంది. ఆర్చి వంతెనని వడపోత జల్లెడలా పట్టుకుంది. ధవళేశ్వరం ఆనకట్ట 175 గేట్లూ 175 టీ గ్లాసులు. చీరచెంగు నడుముకి దోపుకుని వరసగా పోసుకుంటూ పోతోంది. ఒడ్డున కొంగలు, గేదెలు, ఒక గంగిరెద్దు, లాంచీ డ్రైవరూ గ్లాసు కోసం చెయ్యి చాపి ఉన్నారు.

ఆ బొమ్మ ఒక పుస్తకంలో అచ్చయింది. నేను వేసినవాటిలో ఎక్కువమందికి గుర్తున్నది అదే. బొమ్మతోపాటు దాని పుట్టుక కథ కూడా నేనే అందరికీ చెప్పాను. ఇంటికొచ్చినవాళ్ళు మా అమ్మాయి గడ్డం పుచ్చుకుని, "ఏమ్మా, ఇంతకీ టీ పొడి ఎవరేశారో తెలిసిందా?" అని అడిగేవాళ్ళు. అది లోపలికి వెళ్ళిపోయేది. సిగ్గనుకున్నాను.

ఈ ఏడాది, 2022 జూలైలో, గోదారి ఎలా వచ్చిందో అందరూ చూశారు. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక, అంటే 17.75 అడుగులు, దాటిపోయింది. 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి పోయింది. 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళు దాన్నీ దీన్నీ పోల్చుకుంటున్నారు. పోలీసులు రేవుల్లోకి దిగనివ్వడం లేదు. దూరం నుంచే చూద్దామని నేనూ అమ్మాయీ వెళ్ళాం. దానికిప్పుడు పదిహేడేళ్ళు, ఇంటర్ రెండో ఏడాది. మా పక్కన ఒకాయన భుజాల మీద కూర్చున్న పిల్లాడు నీళ్ళని చూసి ఏదో అన్నాడు. ఆయన నవ్వి, ఆ మాటే పక్కవాళ్ళకి చెప్తున్నాడు. అప్పుడంది మా అమ్మాయి:

"ఆ రోజు నేను జోకు వెయ్యలేదు నాన్నా."

ఏ రోజని అడగాల్సిన పని లేకపోయింది.

"తాతయ్య పోయినప్పుడు మీరంతా ఏం చెప్పారు నాకు? గోదాట్లో కలిసిపోయారన్నారు. తాతయ్యకి టీ అంటే ఇష్టం. రోజూ సాయంత్రం నన్ను గట్టు మీదికి తీసుకొచ్చి, టీ తాగి, చివరి గుక్క నాకు పోసేవాడు. ఆయన గోదాట్లో కలిసిపోయాడు. నీళ్ళు టీ రంగులోకి మారాయి. నేనింకేమనుకోవాలి? తాతయ్య కనిపిస్తాడేమోనని చూస్తున్నాను. నిన్నడిగితే నవ్వావు. అమ్మా నవ్వింది. ఫోన్లో అత్తయ్యా నవ్వింది. అడక్కూడని మాటేమో అనుకుని ఊరుకున్నాను."

మా నాన్న ఆ ఏడాది వేసవిలో పోయారు. కోటిలింగాల రేవులో అస్థికలు కలిపి రెండు నెలలు కూడా కాలేదు. కలిపింది నేనే. అయినా టీ పొడి మాట విన్నప్పుడు నాకాయన గుర్తు రాలేదు. ఆ పిల్లకి వచ్చారు.

ఈ వ్యాసం ఆ సంగతి గురించే. నేనేదో నేరం చేశానని గుండెలు బాదుకోడానికి కాదు. పిల్లల కోసం బొమ్మలు వేసేవాళ్ళకి, కథలు రాసేవాళ్ళకి, పాటలు కట్టేవాళ్ళకి ఇల్లే ముడిసరుకు. పండగలు, వానలు, అలకలు, తప్పుపలుకులు, అన్నీ అక్కడివే. ఆ సరుకు ఎవరిది, తీసుకునేటప్పుడు ఎవరినడగాలి అన్న ప్రశ్న ఇరవై ఏళ్ళ వృత్తిలో నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఎందుకు రాలేదో చూద్దామని.

మొదట, గమ్మత్తు అంటే ఏమిటి? పిల్లల బొమ్మల్లో మనకి నచ్చే ఆ చిలిపితనం, ఏనుగు గొడుగేసుకోవడం, చందమామ దోసె కావడం, ఎక్కణ్ణుంచి వస్తుంది? పిల్లలకి ఊహాశక్తి ఎక్కువని అంటాం. నేనూ అలాగే అనేవాణ్ణి. మా అమ్మాయి మాట విన్నాక ఇంకోలా అనిపిస్తోంది. దాని మాటలో ఊహ దాదాపు లేదు. ఉన్నది తర్కం. కలిసిపోవడం అంటే అయిదేళ్ళ పిల్లకి తెలిసింది పంచదార కలిసిపోవడం, హార్లిక్సు కలిసిపోవడం. కలిసినప్పుడు రంగు మారుతుంది, రుచి మారుతుంది, వస్తువు కనబడదు కానీ లోపలే ఉంటుంది. మనిషి చనిపోయాడు అని చెప్పే ధైర్యం లేక "గోదాట్లో కలిసిపోయారు" అన్నది మేం. అసలు గమ్మత్తు మాట ముందు అన్నది పెద్దవాళ్ళం. అది దాన్ని నమ్మి, కళ్ళముందు కనబడ్డదానితో సరిచూసుకుని, మిగిలిన అనుమానం అడిగింది.

అంటే గమ్మత్తు పిల్ల దగ్గర లేదు. పిల్లకీ నాకూ మధ్య ఉన్న ఎత్తు తేడాలో ఉంది. కింద నుంచి చూస్తే అది నిజమైన ప్రశ్న, పై నుంచి చూస్తే ముద్దుమాట. పిల్లలు చాలామటుకు గంభీరంగా బతుకుతారు. నవ్వు మనది.

ఇది తెలిసి రాసినవాళ్ళు మా పక్కనే పుట్టారు. ముళ్ళపూడి వెంకటరమణ 1931లో ధవళేశ్వరంలో, బాపు 1933లో నరసాపురంలో. 1956లో ఆంధ్ర వారపత్రికలో మొదలైన బుడుగుని ఇప్పుడు మళ్ళీ చదివితే నాకు కొత్తగా కనబడ్డది ఒకటుంది. అందులో మాట్లాడేది బుడుగే. పెద్దవాళ్ళు ఎందుకలా ఉంటారో విడమరిచి చెప్పేది వాడు, మనకి సలహాలిచ్చేది వాడు. ప్రైవేటు మేష్టార్లు, బామ్మ, బాబాయి, పక్కింటి పిన్నిగారి మొగుడు, వీళ్ళంతా వాడి పరిశీలనలో ఉన్న వింత జంతువులు. మనం నవ్వుతాం గానీ, బుడుగుని చూసి నవ్వడం తక్కువ. వాడి పక్కన నిలబడి మనల్ని మనం చూసుకుని నవ్వుకోవడం ఎక్కువ. సీగానపెసూనాంబ పేరే తీసుకోండి. శ్రీకాళహస్తిలో అమ్మవారు జ్ఞానప్రసూనాంబ. అంత బరువైన పేరు పసినోట్లో అలా తిరిగింది. అక్కడ తప్పు పిల్లదా, పాలు మానని పిల్ల నెత్తిన అన్ని ఒత్తులు పెట్టిన పెద్దవాళ్ళదా? రమణగారు దాన్ని దిద్దలేదు. అలాగే పేరు చేసేశారు.

ఇంకో సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, అక్కయ్య కామేశ్వరిగారు 1945లో 'బాల' పత్రిక మొదలెట్టారు. రమణగారి రాత, బాపుగారి గీత మొదట కనబడింది అందులోనే, వాళ్ళు పిల్లలుగా ఉన్నప్పుడే. ఒక పెద్దాయన వాళ్ళ మాటని ముద్దుమాట అని పక్కన పెట్టకుండా అచ్చుకి పంపించాడు. పదకొండేళ్ళ తర్వాత బుడుగు అంత ధీమాగా మాట్లాడ్డానికీ దీనికీ సంబంధం ఉందని రుజువు చెయ్యలేను. ఉందని మాత్రం అనుకుంటాను.

నేను వేసిన టీ బొమ్మలో పిల్ల లేదు. గోదారమ్మ ఉంది, గేదెలున్నాయి, లాంచీ డ్రైవరున్నాడు. ప్రశ్న అడిగిన మనిషిని తీసేసి ప్రశ్నలోని తమాషా ఒక్కటే తీసుకున్నాను. బుడుగు పద్ధతికి ఇది సరిగ్గా తలకిందులు.

బయటి దేశాల్లో ఈ తగువు ఎక్కడిదాకా వెళ్ళిందో తెలిసిందే. ఎ.ఎ. మిల్న్ తన కొడుకు క్రిస్టఫర్ రాబిన్‌ని, వాడి ఎలుగుబంటి బొమ్మనీ పెట్టి 1926లో 'విన్నీ ద పూ' రాశాడు. పిల్లాడి పేరు కూడా మార్చలేదు. ప్రపంచమంతా ఆ పిల్లాణ్ణి ప్రేమించింది, ఒక్క బడిలో పిల్లలు తప్ప. వాళ్ళు ఏడిపించారు. పెద్దయ్యాక క్రిస్టఫర్ ఒక ఊళ్ళో పుస్తకాల కొట్టు పెట్టుకుని బతికాడు. 1974లో రాసిన జ్ఞాపకాల పుస్తకంలో తండ్రి మీద తనకుండిన కోపాన్ని దాచుకోలేదు. ఆ పుస్తకాలకి బొమ్మలేసిన షెపర్డ్ సంగతి నాకింకా ఆసక్తి. పూ బొమ్మకి ఆయన నమూనాగా పెట్టుకున్నది క్రిస్టఫర్ ఎలుగుబంటిని కాదు, తన సొంత కొడుకు ఆడుకున్న ఎలుగుబంటిని. లోకానికి క్రిస్టఫర్ పేరు తెలిసింది గానీ ఆ రెండో పిల్లాడి పేరు తెలిసింది చాలా తక్కువమందికి. బొమ్మని తీసుకుని పిల్లాణ్ణి వదిలెయ్యడం కూడా ఒక పద్ధతే అన్నమాట.

స్వీడన్‌లో దీనికి ఎదురు కథ ఒకటుంది. 1941లో ఆస్ట్రిడ్ లింద్‌గ్రెన్ కూతురు జబ్బుచేసి మంచాన పడింది. ఏదైనా కథ చెప్పమని అడుగుతూ, పిప్పి లాంగ్‌స్టాకింగ్ కథ చెప్పమంది. అలాంటి మనిషి ఎవరూ లేరు. ఆ పిల్ల అప్పటికప్పుడు కల్పించిన పేరు అది. తల్లి ఎవరని అడగలేదు, నవ్వి ఊరుకోలేదు. చెప్పడం మొదలెట్టింది. 1945లో అది పుస్తకమైంది. అక్కడా పిల్ల నోటి నుంచి వచ్చిన మాటనే తల్లి వాడుకుంది. కానీ తీసుకోడానికి ముందు ఇచ్చింది. పిల్ల అడిగింది కథ. దొరికింది కథ. మా అమ్మాయి అడిగింది తాతయ్యని. దొరికింది ఒక బొమ్మ, అదీ మిగతా పిల్లలకి.

జూలై తర్వాత కొన్ని వారాలు నేనొక నియమం పెట్టుకున్నాను. ఇంట్లోంచి ఏమీ తీసుకోకూడదు. ఇంట్లో మాటలు, ఇంట్లో మనుషులు, ఏదీ కాగితం మీదికి రాకూడదు. మంచి నియమమే అనుకున్నాను గానీ దాని ఫలితం రెండు బొమ్మల్లోనే తెలిసిపోయింది. నా కుంచె కింద పొగగొట్టం ఉన్న ఇల్లొకటి లేచింది.

ఈ ఇల్లు మీకూ తెలుసు. మా ఊళ్ళో ఏ బడికైనా వెళ్ళి పిల్లల్ని బొమ్మ వెయ్యమనండి. రెండు త్రికోణం కొండలు, మధ్యలో సగం సూర్యుడు, ఆ కొండల్లోంచి వంకర్లు తిరుగుతూ ఒక ఏరు, పక్కన ఎర్రకప్పు ఇల్లు, దాని మీద పొగగొట్టం. పిల్లలు కూర్చున్న బడి కిటికీలోంచి కనబడేది గోదారి. ఈవలి ఒడ్డు నుంచి ఆవలి ఒడ్డు గీతలా కనబడే గోదారి. చుట్టూ చదునైన నేల, కొబ్బరిచెట్లు, అరటితోటలు. ఒక్క ఇంటికీ పొగగొట్టం లేదు. గోడ మీద ఋతువుల చార్టులో చలికాలం అంటే మంచుమనిషి, మెడకి మఫ్లరు. మా పిల్లలకి తెలిసిన మంచు వేరు. సంక్రాంతి ముందు తెల్లారుజామున వంతెనని సగం మింగేసి, రైలు కూత మాత్రం బయటికి వదిలేదే మంచు. అది చార్టులో ఉండదు. చార్టులో లేదు కాబట్టి అది బొమ్మకి పనికిరాదని పిల్లలు అనుకుంటారు. తమ ఇల్లు, తమ వాన, తమ బామ్మ పుస్తకంలోకి ఎక్కే రకం కావని అయిదో ఏటే తేల్చేసుకుంటారు. ఇది కూడా ఒక అన్యాయమే, ఏ ఒక్క పిల్లకీ గాక పిల్లలందరికీ జరిగేది.

గోదారి గట్టు మీదే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది. 1897లో పుట్టి, కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూల్లో చదువుకుని, తిరిగొచ్చి సొంత ఊళ్ళో చిత్రకళాశాల పెట్టాడాయన. 1925లో మశూచికం సోకి పోయాడు, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే. ఆయన చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారు, భార్య సత్యవాణిగారు కూడా చిత్రకారులే. చిన్నప్పుడు మా నాన్న నన్ను ఆ గ్యాలరీకి తీసుకెళ్ళేవారు. బొమ్మ అనేది మన ఊళ్ళో, మన మనుషులతో, ఇంట్లో ఆడవాళ్ళు కూడా కుంచె పట్టుకుని చేసే పని అని నాకు తెలిసింది అక్కడే. ఇంటిని వదిలేస్తే నేను ఆ గడపకి కూడా పరాయివాణ్ణవుతాను.

కాబట్టి రెండువైపులా లాగుతోంది. పిల్లలందరికీ తమ ఇల్లు బొమ్మలో కనబడే హక్కుంది. అందుకు ఏదో ఒక ఇంటి తలుపు తెరవాలి. ఆ ఇంట్లో ఒక పిల్ల ఉంటుంది.

ఈ ముడి ఎలా విప్పాలా అని ఆలోచిస్తుంటే ఒక దారి కనబడింది. ఋతువులు తిరిగొస్తాయి. చైత్రంలో వేపపువ్వు, ఎండల్లో ముంజలు, తినేసిన తాటిబుర్రలకి పుల్ల గుచ్చి తోలే బండి, ఆవకాయ నాడు ఇంటిల్లిపాదీ వంటింటికి బానిసలైపోవడం, శ్రావణంలో నానబెట్టిన శనగలు, అట్లతద్దికి చెట్టుకి కట్టిన ఉయ్యాల, పోలి పాడ్యమి తెల్లవారుజామున అరటిదొప్పల్లో గోదారి మీదికి వదిలిన దీపాలు, ధనుర్మాసంలో హరిదాసు నెత్తిమీద గుమ్మడికాయలాంటి అక్షయపాత్ర. ఇవి ఎవరివీ కావు. ఈ ఏడాది మా పిల్లకి దొరికిన ఉయ్యాల వచ్చే ఏడాది ఇంకో పిల్లకి దొరుకుతుంది. వీటిని బొమ్మలో పెడితే ఎవరి సొత్తూ పోదు. తాతయ్య పోవడం మాత్రం ఒక్కసారే జరుగుతుంది. అది ఎవరికి జరిగిందో వాళ్ళది. తిరిగొచ్చేది అందరిదీ, ఒక్కసారే వచ్చేది ఒకరిదే. ఎర్రనీరు అందరిదీ. అందులో తాతయ్యని వెతకడం మా అమ్మాయిది. నేను రెండూ కలిసి ఉన్న మాటని పట్టుకుని, సరిహద్దు చూసుకోలేదు.

ఈ సూత్రం నాకు బాగా నచ్చింది. రెండు నెలలు దాని మీదే బతికాను.

దసరా సెలవులయ్యాక ఒక లంక ఊరి బడిలో పిల్లల చేత బొమ్మలు వేయించడానికి పిలిచారు. నా సూత్రం ప్రకారం వానాకాలం వెయ్యమన్నాను. అందరిదీ కదా. ఎనిమిదేళ్ళ పిల్లాడొకడు డాబా వేశాడు. డాబా మీద నవారు మంచం. మంచం మీద మేక పడుకుని ఉంది. మేక మీద దుప్పటి, పైన గొడుగు. చూడగానే నాలో ఆ పాత నవ్వు లేచింది. మంచమ్మీద మేక! ఎంత భలే ఊహ! పక్కనున్న మేష్టారు అప్పటికే నవ్వుతున్నారు.

ఆ నవ్వు గొంతులోనే ఆపుకుని అడిగాను, "మేక మంచమెందుకెక్కిందిరా?"

"కింద నీళ్ళండి."

"దుప్పటో?"

"దానికి జొరమండి." కాసేపాగి, "మాయమ్మ కప్పిందండి" అన్నాడు.

ఊహ ఏమీ లేదు. జూలైలో వాళ్ళింట్లో జరిగింది జరిగినట్టు వేశాడు. మేక బతికిందా అని అడిగాను. వాడు మాట్లాడలేదు. గొడుగు మీద గీతలు దిద్దడం మొదలెట్టాడు. నేను ఇంకా అడగలేదు.

తిరిగొచ్చేది అందరిదీ అన్న నా సూత్రం ఆ డాబా ముందు నిలబడలేదు. వరద ప్రతి ఏడూ రావచ్చు గానీ అందరి ఇంటికీ ఒకేలా రాదు. గట్టు మీద నిలబడి చూసేవాడికి అది టీ. లంకలో ఉన్నవాడికి అది మేకని మంచమెక్కించే నీళ్ళు. నా 175 గ్లాసుల బొమ్మని ఈ పిల్లాడు చూశాడా, చూస్తే ఏమనుకున్నాడు? ఋతువు కూడా మనం ఎక్కడ నిలబడ్డామన్నదాన్ని బట్టే తమాషాగా కనబడుతుంది. అంటే ఇది నాదా, అందరిదా అని సరుకుని వేరుచేసి పెట్టడం వల్ల తప్పించుకునే దారి లేదు.

మరి ఏముంది? మనిషిని పనిముట్టుగా మాత్రమే చూడకూడదని కాంట్ అన్నాడు. చిన్నప్పుడు చదివినప్పుడు అది పెద్ద మాట అనిపించింది. ఇప్పుడు చూస్తే దాని బరువంతా "మాత్రమే" మీదే ఉంది. ఇంట్లో అందరం ఒకరినొకరు వాడుకుంటాం. నేను మా నాన్నని గుర్రంగా వాడుకున్నాను. మా అమ్మాయి ఆయన్ని టీ గ్లాసు చివరి గుక్కగా వాడుకుంది. ఆయన తన ఒంటరితనం పోగొట్టుకోడానికి దాన్ని వాడుకున్నారు. ఇందులో ఎవరికీ అన్యాయం జరగలేదు, ఎందుకంటే అవతలి మనిషి ఏదైనా అడిగితే ఎవరూ పని ఆపకుండా లేరు. నేను చేసిన తప్పు బొమ్మ వెయ్యడం కాదు. ప్రశ్నకి జవాబు చెప్పకముందే వెయ్యడం. పిల్ల మాట విన్న క్షణంలో నేను తండ్రిని అవ్వాల్సింది, బొమ్మలవాణ్ణయ్యాను. బొమ్మలవాడు అర్ధరాత్రి దాకా ఆగగలడు. తండ్రి ఆగకూడదు. నా వరస తిరగబడింది.

ఇది చిన్న విషయంలా కనబడుతుంది గానీ, దీనివల్ల బొమ్మ కూడా మారుతుంది. ఆ సాయంత్రం నేను నవ్వకుండా, "ఎందుకలా అడిగావమ్మా?" అని ఉంటే అది తాతయ్య సంగతి చెప్పేది. చెప్పి ఉంటే నేను ఆ బొమ్మ వెయ్యకపోయేవాణ్ణేమో. వేసి ఉంటే అందులో గేదెల పక్కన ఒక చిన్నపిల్ల రెయిలింగు పట్టుకుని నిలబడి ఉండేది. గమ్మత్తు పోయేది కాదు. దాని కింద ఇంకో అంతస్తు ఉండేది. తాతయ్యలు పోయిన పిల్లలు ఒక్క మా ఇంట్లోనే లేరు. ఆ బొమ్మ వాళ్ళకి ఎక్కువ ఉపయోగపడేది. నవ్వడంలో తొందరపడ్డందుకు కూతురికే కాదు, పాఠకులకి కూడా తక్కువ ఇచ్చాననిపిస్తుంది.

పిల్లలకి ప్రతిదీ విడమరిచి చెప్పాలని కాదు నేననేది. జవాబు తెలియనప్పుడు ఏం చేస్తాం? జూలైలో ఆ వరద ముందు నిలబడి మా అమ్మాయి మాటలన్నీ విన్నాక నాకేం చెప్పాలో తోచలేదు. పన్నెండేళ్ళు ఆలస్యంగానైనా జవాబు బాకీ ఉన్నాను కదా అనిపించింది. "తాతయ్య ఎక్కడున్నాడో నాకూ తెలీదమ్మా" అన్నాను. నిజంగా నాకంతకంటే తెలియదు.

అది నీళ్ళకేసి చూస్తూ, "అప్పుడు ఆ మాటన్నా చాలేది" అంది.

మొన్న పోలి పాడ్యమి తెల్లవారుజామున మా ఆవిడా, అమ్మాయీ రేవుకి వెళ్ళి దీపాలు వదిలారు. నేనూ వెళ్ళాను. చలి, చీకటి, నీళ్ళ మీద వేలకొద్దీ అరటిదొప్పలు. ఒక చిన్నపిల్ల తన దీపం వేరేవాళ్ళ దీపాన్ని గుద్దుకుందని ఏడుస్తోంది. వాళ్ళమ్మ నవ్వుతోంది. జేబులో చిన్న పుస్తకం, పెన్సిలూ ఉన్నాయి. చెయ్యి దానంతటదే వెళ్ళింది. ఇరవై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? పెన్సిలు తీశాను. ముందు ఆ పిల్ల ఎందుకేడుస్తోందో వినాలనిపించి ఒకడుగు దగ్గరికి వెళ్ళాను. తన దీపం ఎటు పోతోందో ఇప్పుడు కనుక్కోలేనని దాని ఏడుపు. అన్నీ ఒకలాగే ఉన్నాయని. వాళ్ళమ్మ వొంగి, వేలుతో చూపించి, "అదిగో, అదే నీది" అంది. అదో కాదో ఎవరికి తెలుసు. పిల్ల ఏడుపాపింది.

నేను బొమ్మ వెయ్యలేదు. వెయ్యకూడదని కాదు, ఇంకా వేస్తానేమో కూడా. అది ముందు ఆ తల్లీపిల్లల మధ్య జరగాల్సింది జరగనిచ్చాక.

టీ బొమ్మ ఉన్న పుస్తకం మళ్ళీ అచ్చు వేస్తామని ఈ మధ్యే కబురొచ్చింది. మా అమ్మాయికి చెప్పి, నువ్వు వద్దంటే ఆ పేజీ తీసెయ్యమంటాను, ఉండమంటే ఉంచుతాను, మార్చమంటే మారుస్తాను అన్నాను. వెంటనే ఏదో ఒకటి చెప్తుందనుకున్నాను. అది లెక్కల పుస్తకంలోంచి తలెత్తకుండా, "పరీక్షలయ్యాక ఆలోచించి చెప్తాను నాన్నా" అంది.

పరీక్షలు మార్చిలో. అచ్చువాళ్ళని అప్పటిదాకా ఆగమన్నాను.